రద్దు మాటకు పుట్టిల్లు

ఆయన వకీలే గానీ వీధంతా నిఘంటువు ప్లీడరనే పిలుస్తుంది. ఏ మాట చెవిన పడినా దాని పుట్టుపూర్వోత్తరాలు విప్పందే ఆయనకు ముద్ద దిగదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చూపుడువేలు గాలిలో ఆడించాడంటే గుమాస్తా తల పట్టుకోవలసిందే. మొన్న ఒక పెద్దావిడ విసవిసా వచ్చి కుర్చీలో కూలబడింది. "ఇల్లు తమ్ముడికి రాశాను బాబూ. ఆ వీలునామా ఇప్పుడే రద్దు చేయించండి. వాడు నాతో మాటే మానేశాడు." కళ్ళజోడు నుదుటికెక్కింది. "రద్దు మన మాట కాదమ్మా. అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన కోర్టులకొచ్చింది. అరబ్బీలో దానికి తిప్పి పంపడమని అర్థం. జవాబు అని కూడా." గుమాస్తా నిట్టూర్చాడు. పెద్దావిడ మాత్రం చీర కొంగు వేలికి చుట్టుకుంది. "జవాబంటే... వాడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు బాబూ. నేనే ఎత్తడం లేదు." అక్కడే సంచిలోంచి ఫోన్ తీసి నంబరు నొక్కింది. "ఏరా, అన్నం తిన్నావా?" అంది. అవతల ఏమన్నాడో గానీ, "నేనేం రాను, కావాలంటే నువ్వే రా" అని కసురుతూ, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది.