మీసాల బాలింత

గా దినాలల్ల, పోలీసు యాక్షను ఇంకా కాకముందు, మా ఇబ్రహీంపట్నం దిక్కు మందికి రెండే భయాలుండె. ఒకటి గడి నుంచి దొర పిలుస్తడని, ఇంకొకటి ఇంటి మీదికి పోలీసులొస్తరని. నాకైతే మూడోది గూడ ఉండె, మా అత్త. లగ్గమైంది గని నేనింక కాపురానికి పోలే. అత్తగారిది మహేశ్వరం. లగ్గంల ఆమె నన్ను కింది నుంచి మీది దాంక ఒక్కపారి చూసి, "పిల్ల సన్నగుంది, గొంతు మాత్రం మస్తుంది" అన్నది. (అవ్, గప్పుడు నాది మంచి గొంతే. గిట్ల పలిగిన కుండ లెక్క ఎందుకైందో చెప్తందుకే ఈ ముచ్చట. రాసేది మా మనుమరాలు. నాకు అచ్చరాలు నా పేరు వరకే వస్తయి.)

నన్ను కన్న మా అవ్వకు ఒక్కడే తమ్ముడు, నాకు మామ. తర్వాత ఎమ్మెల్యే అయి, మెడనిండ దండలేసుకొని మీసం దువ్వుకుంట జీపుల తిరిగిండు గని, గప్పుడు ఇంకా పోరడే. కొంగరకలాన్‌ల ఎడ్లబండి మీద నిలవడి, "దొర గడికి ఎవ్వలు వెట్టి చెయ్యకున్రి, మనమేమన్న ఆయన కొన్న ఎడ్లమా" అని చెప్పిండట. గదే ఆయన మొదటి స్పీచు. మంచిగనే అయిందట, సప్పట్లు గూడ కొట్టిన్రట, గని సప్పట్లు కొట్టెటోళ్ళ ఎనక పోలీసులు నిలవడ్డరు. చేండ్లకు చెల్కలకు అడ్డంపడి ఉరికి ఉరికి వచ్చి మా ఇంట్ల జొచ్చిండు. దొరికిండంటే కాల్చేసుడే, అడిగెటోడు లేడు.

ఆయన ఎనకనే జమేదారు, ఇద్దరు జవాన్లు వచ్చిన్రు. అవ్వ గడప కాడ కూసొని బియ్యం చెరుగుతుంది. "లోపల ఎవరున్నరు?" అన్నడు జమేదారు. అవ్వకు ఏం తోచిందో ఏమో, చాట గడపకు అడ్డం పెట్టి, "నా బిడ్డ సాబ్, పురిట్ల ఉంది. పొద్దుగాల్నే ఆడపిల్ల పుట్టింది" అన్నది. లోపల నేను కచ్చకాయలు ఆడుకుంటున్న. కాయ మీదికేసిన, మళ్ళ పట్టుకునుడు మర్సిపోయిన. పురిటర్రలకు ఇరవై ఒక్క దినాలు మొగోడన్నోడు జొర్రడు, కన్న తండ్రైనా సరే. జమేదారు గూడ పిల్లలు గల మనిషే, "అరె, జనానా హై, బచ్చా హై" అనుకుంట రెండడుగులు ఎనకకు పోయిండు. మంచిదే గని, ఎల్లిపోలే. మా ఎదురుంగ చావడిల మంచమేసుకున్నడు. గంతే, నోరు జారిన ఒక్క అబద్ధానికి ఇరవై ఒక్క దినాలు తిండి పెట్టి సాదే పని పడ్డది మా మీద.

మామనే బాలింత. మంచం మీద పండవెట్టి, నెత్తికి గుడ్డ చుట్టి, చెవులల్ల దూది పెట్టి, గొంగడి కప్పింది అవ్వ. మంచం కింద నిప్పుల కుంపటి, యాపాకు పొగ. ఎండకాలం అది! "మీసం తీస్కోరా తమ్మీ" అని బతిమాలింది అవ్వ. "పాణం పోయినా మీసం తియ్య అక్కా" అన్నడు. "పోయేది పాణమే, మరి ఉంచుకో" అని గుడ్డతోటి మీసం గూడ కట్టేసింది. ఇగ పిల్లను నేను. అవ్వ బయట చాట మీద రెండు దెబ్బలు కొడితే నేను లోపల కువ్వా కువ్వా అని ఏడ్వాలె. ఊరోళ్ళందరికి ఎరికే. నాకు కాపురమే కాలేదని తెల్వనోళ్ళెవరు? అయినా ఒక్కలు నోరు ఇప్పలే. పక్కింటామె వచ్చి మా గడపకు యాపమండలు గూడ కట్టిపోయింది.

నిజం చెప్పాల్నంటే మామ సావుకు భయపడ్డడో లేదో తెల్వదు గని, బాలింత తిండికి మాత్రం భయపడ్డడు. పొద్దున కాయం ముద్ద, పగటీలి ఎల్లిపాయ కారమేసి పాత బియ్యం బువ్వ, నీళ్ళు అడిగితే గుక్కెడు ఉడుకు నీళ్ళు. "అక్కా, జర మామిడికాయ తొక్కు ఎయ్యే" అని గొణిగిండు ఒకనాడు. అవ్వ చావడి దాంక ఇనవడేటట్టు, "బాలింతకు తొక్కేందే, పిల్లకు పడిశం పట్టదా!" అని కసిరింది. ఒకనాడు జమేదారు పాపం, బాలింతకు బలమని కర్జూరాలు పంపిండు. అన్నీ మామనే తిన్నడు. నాకొక్కటియ్యి మామా అంటే, "పాలిచ్చెటోళ్ళకు పంపిన్రు, పాలు తాగెటోళ్ళకు గాదు" అన్నడు.

దినాం ఏడ్చి ఏడ్చి పది దినాలకు నా గొంతు పలిగింది. ఒక జవాను, "గిదేం పిల్ల, కాకి లెక్క ఏడుస్తది" అన్నడని నాయిన బయట ఇనొచ్చి చెప్పిండు. జమేదారు గూడ మా గడప దిక్కు ఎక్కువసేపు చూసుడు మొదలువెట్టిండు. గప్పుడే ఇంకో ఆపతొచ్చింది. ఊరూరు తిరిగే గాజులామె మా ఇంటి ముంగట ఆగింది. జవాను ముంగటనే "ఏందమ్మా, యాపమండలు?" అంటే అవ్వ ఏం చెప్తది? ఆడపిల్ల పుట్టిందనే చెప్పింది. గామె గంప నెత్తినవెట్టుకొని సక్కగ మహేశ్వరం పోయి, మా అత్త చేతికి గాజులు తొడుక్కుంట, "నీకు మనుమరాలు పుట్టిందట గద పెద్దమ్మా, చెప్పనే చెప్పవైతివి" అన్నదట. కాపురానికే రాని కోడలికి పిల్ల! ఆడిపిల్లకు గసొంటి మాట పడితే ఇగ కాపురం లేదు, మొఖం చూసెటోడు లేడు.

మూడో దినానికి కచ్చురం బండి మా ఇంటి ముంగట ఆగింది. ముంగట మా ఆయన ఎడ్లు తోలుకుంట, తలకాయ కిందికేసుకొని. (తర్వాత చెప్పిండు, "ఇంటికి రాని పెండ్లాం కన్న పిల్లకు నేను తండ్రినెట్లైననో తొవ్వంత ఆలోచన చేసిన" అని.) అత్త బండి దిగింది. తిట్టలే. గదే ఎక్కువ భయం. అవ్వను పక్కకు నూకి సక్కగ పురిటర్రలకు వచ్చింది. ఆడిమనిషి గద, ఎవరాపుతరు? అత్తను చూడంగనే మామ లేచి కూసున్నడు. గుడ్డ జారింది, మీసం బయటవడ్డది. నేను సగం ఏడుపుల నోరు తెర్సుకొని నేల మీద కూసున్న. అత్త మామను చూసింది, నన్ను చూసింది. "ఓ అవ్వో!" అని ఒక్క కేక పెట్టింది.

గా కేకకు జమేదారు, జవాన్లు మా గడప మీదికి వచ్చేసిన్రు. "క్యా హువా?" అన్నడు జమేదారు. అవ్వ గోడకు ఆనుకొని, "వదినా, నీ కాల్మొక్త, నా తమ్ముని పాణం నీ నోట్ల ఉంది" అని చిన్నగ అన్నది. నేను అత్త కొంగు పట్టుకున్న. ఆమె ఎన్ని చెప్పినా చెప్పొచ్చు, ఒక్కమాట చాలు, మామ పాణం పోతది. చెప్పకుంటే కాపురానికి రాని కోడలు కన్నదని ఆమె ఇంటి పరువు పోతది. అత్త నా చేతుల నుంచి కొంగు ఇడిపించుకున్నది. నడుముకు కొంగు దోపుకొని గడప కాడికి పోయి నిలవడ్డది.

"ఏమైతది సాబ్! కొడుకును కంటదని ఎదురు చూస్తే కోడలు ఆడిపిల్లను కన్నది! గది గూడ కాకి లెక్క ఏడుస్తది! కేకపెట్టనా, దండం పెట్టనా?" అన్నది.

జమేదారు మొఖం ఇట్టే తేటవడ్డది. మనుమరాలు పుట్టిందని కొట్లాడే నాయనమ్మను చూసినంక ఇగ ఎవనికి అనుమానముంటది? చేతులు కట్టుకొని నిలవడి, "అమ్మా, బేటీ అంటే ఖుదా ఇచ్చిన రహమత్, లొల్లి చెయ్యకు" అని ఆడపిల్లల గురించి మంచి మాటలు ఎన్నో చెప్పిండు. ఆడపిల్లలంటే పాణమిచ్చే మా అత్త తలకాయ దించుకొని అన్నీ పడ్డది. గా మాపటికే జమేదారు చావడిల మంచమెత్తేసిండు. అత్త ఇరవై ఒక్క దినాలు నిండేదాంక ఉండి, మామకు కాయం ముద్దలు ఆమెనే తినిపిచ్చింది, ఒక్క పూట తప్పకుంట.

ఎనకసిరి పోలీసు యాక్షనైంది, సర్కారు మారింది, దాసుకున్న కాడి నుంచి మామ బయటికొచ్చిండు. నన్ను బండెక్కిచ్చుకపోయి మహేశ్వరంల అత్తకు అప్పజెప్పింది ఆయననే. కర్జూరాల రుణం తీర్సుకుందామని గా జమేదారును ఎంకులాడిచ్చిండు గని దొరకలే. ఓట్లొచ్చినయి, గెల్చిండు. మీటింగుల "అడివిల ఆకులు అలములు తిని పోరాడినం తల్లీ" అంటుండె. (అడివి లేదు, ఆకంటే యాపాకు పొగనే.) మా ఇంటికి ఓటడగొస్తే మాత్రం అత్త అరుగు మీద నుంచి, "ఏం బాలింతా, పాలు పడుతున్నయా?" అంటుండె. ఎంటొచ్చిన లీడర్లు ఒకల మొఖం ఒకలు చూసుకుందురు.

ఆయన కొట్లాడి తెచ్చిన మొదటి పని రోడ్డు గాదు, బడి గాదు, కాన్పుల దవాఖాన. పెద్ద కిటికీలు, పొగ లేదు, కుంపటి లేదు. దాన్ని తెరిసిననాడు అలవాటు కొద్ది, "అడివిల..." అని మొదలువెట్టిండు. ఆడోళ్ళ నడుమ కూసున్న నాకు నోరు ఊకోలే, చిన్నగ కువ్వా అన్న. మైకు ముంగట ఠక్కున ఆగిపోయిండు. అందరు పిల్ల యాడుందని ఎంకులాడుతున్నరు. మామ మీసం తడుముకొని, గొంతు మార్చి, "బాలింత కష్టం నాకు ఎరికే అమ్మా" అన్నడు. సప్పట్లే సప్పట్లు. అత్త నా చెవుల, "ఇన్నేండ్లకు మైకుల ఒక్క నిజం చెప్పిండు" అన్నది.

ఇప్పుడు మామ లేడు, అత్త లేదు, మా ఆయన లేడు. గా చెల్కలన్నీ ప్లాట్లయినయి. ఓట్ల బండ్లొచ్చి అరుగు ముంగట అరిస్తే నాకేం భయం లేదు, ఊకె ఇనుకుంట కూసుంట. ఇంట్ల మునిమనుమరాలు పుట్టింది, గంట గంటకు ఏడుస్తది. నేను మంచంల పండుకొని ఇనుకుంట నవ్వుకుంట. పిల్ల మంచిగనే ఏడుస్తుంది గని, నా లెక్క రాలే.