పెండ్లి జాకెట్టు మీద నా కొత్త వెర్షన్

మొన్న మా చిన్నమ్మ ముందు నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్తా, నవ్వు ఆపుకొని వినుర్రి.

చిన్నమ్మకు సిద్దిపేటల టైలర్ షాపు. ఫోన్ల వీడియోలు చూసి కోడింగ్ నేర్చుకున్న నేను, ఆమె కోసం కొలతలు దాచే యాప్ రాసిన. ఓపెన్ సోర్స్! కోడ్ అందరి ముందట పెట్టిన, ఎవరన్న వాడుకోవచ్చు. చేర్యాల, తొగుట టైలర్లు కూడ వాడుతున్రు. ఇంక నేను ఆగుతనా? "యాప్ ఉండంగ ఈ ఆది జాకెట్ల మూటలెందుకు చిన్నమ్మా?" అని, కొలతకని గిరాకులిచ్చిన పాత జాకెట్లన్నీ వాపసు ఇప్పించిన.

గంతల చేర్యాల టైలర్ యాదగిరన్న మెసేజ్ పెట్టిండు: "చెల్లే, బ్యాక్ నొక్కితే కొట్టిన కొలతలు పోతున్నయ్. గదొక్కటి సరిచెయ్యి. కొత్తయి పెండ్లిళ్లయినంక చూద్దాం."

మంచి మాటే. కానీ బటన్ బాగుచేస్తే చప్పట్లెవరు కొడ్తరు? ఛాతీ కొలత కొడితే చేతులు, నడుము దానంతటదే నింపే ఫీచర్ రాసిన. టెస్టింగా? యాప్ ఓపెన్ అయింది, చాలదా! పెండ్లిళ్ల సీజన్ నడుమ రిలీజ్ కొట్టిన.

తెల్లారితే పెండ్లి అనంగ, చంద్లాపూర్ల పెండ్లిపిల్ల లావణ్యకు చిన్నమ్మ కుట్టిన పట్టు జాకెట్టు ఇయ్యవోయిన. తొడుక్కున్నది. మోచేతి కాడ ఆగింది. లాగితే రాదు, తోస్తే పోదు!

"ఏందక్కా గిది? నాకు కుట్టిన్రా, మా చెల్లెకు కుట్టిన్రా?" పిల్ల కండ్లల్ల నీళ్లు.

యాప్ తెరిచి చూస్తే, నా ఫీచర్ పాత కొలతలు తుడిచి తన అందాజ రాసిపెట్టింది! చిన్నమ్మ దాన్నే నమ్మి కోసింది.

"పెండ్లిపిల్లను చేసినం, గడప దాటనియ్యం. నువ్వే కొలువు" అన్నది లావణ్య తల్లి. కొలుద్దునే! టేపు యాడ పెట్టాల్నో నాకు తెల్వదు. కొలతల యాప్ రాసినదాన్ని! ఆఖరికి నేను వాపసిప్పించిన ఆది జాకెట్టే మళ్ల అడుక్కొని, స్కూటీ మీద షాపుకు ఉరికిన.

చిన్నమ్మ తిట్టలే. కుట్లిప్పింది. లోపల రెండు వేళ్లంత బట్ట మడిచి ఉన్నది. "అక్కరకొస్తదని నేను గింత వదులుత బిడ్డా. నువ్వు పాతది మొత్తం ఎట్ల తుడిచినవ్?"

పొద్దుగూకకముందే జాకెట్టు చంద్లాపూర్ చేరింది. "అప్డేట్ చేయకన్నా!" అని యాదగిరన్నకు ఫోన్ కొడితే, "సీజన్ల నీ అప్డేట్ ఎవడు ముట్టిండు చెల్లే!" అన్నడు.

చిన్నమ్మ మాత్రం రూల్ పెట్టింది: "కొత్త ఫీచర్ ఏదైనా ముందుగాల నీ జాకెట్టు కుడత. ఏసుకొని నల్గురిల తిరుగు. గప్పుడు రిలీజ్."

అన్నంత పని చేసింది, ఆ రాత్రే నా ఫీచర్ నింపిన కొలతలకు నాకు జాకెట్టు కుట్టింది. తెల్లారి పెండ్లిల లావణ్య దోసిళ్లకొద్ది తలంబ్రాలు పోస్తుంది. నాకు చెయ్యి భుజం దాక లేస్తలేదు. బలం పెట్టి ఇసిరిన అక్షింతలు ముందు కుర్చీల తాత నెత్తి మీద పడ్డయ్.

ఆయన ఎనక్కి తిరిగి, "నాకు మళ్ల పెండ్లి చేస్తున్నవా బిడ్డా?" అన్నడు.

ఇంటికొచ్చి పాత వెర్షన్ ఎక్కించిన, బ్యాక్ బటన్ ఒక్కటే బాగుచేసి. కొత్త ఫీచర్ మీద మొదటి కంప్లైంట్ కూడ నేనే రాసుకున్న: "అక్షింతలు అందుతలేవు."