చెకుముకి పిస్తోలుకి బొట్టు

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదని గట్టి నమ్మకం ఉండేది. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైనా చదివింది మెకానికల్ కనుక, ఎవరింట్లో ఏ మర మొరాయించినా "నేను చూస్తా" అంటూ ముందుకు దూకేవాణ్ణి. (కాలేజీ వర్క్‌షాపులో ఆకురాయి పట్టింది నా స్నేహితుడు, మార్కులు కొట్టేసింది నేను.) ఆష్‌బర్న్‌లో మా ఇంటి ఓనరు, మేము చాటున తాత అని పిలుచుకునే ముసలి అమెరికన్, ఆ గొప్పలు విని ఒక చెకుముకి పిస్తోలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది ఆయన అన్న స్వయంగా చేసుకున్నదట. అన్న పోయి ఆ వచ్చే ఆదివారానికి ఏడాది. ఆరోజు ఊరి బయట పొలంలో అన్న పేరు చెప్పి ఒక్కసారి పేల్చాలని తాత కోరిక. ట్రిగ్గర్ చూస్తే రాయిలా బిగుసుకుంది, ఆయన కీళ్ళనొప్పుల వేళ్ళకి లొంగదు.

నేను విప్పాను, ఏది ఎందుకుందో తెలియకుండానే మరలన్నీ వదులుచేశాను. ఇక చిటికెనవేలు తగిలితే చాలు, కదిలిపోతోంది. దసరా రోజులు కదా అని దానికి కుంకుమబొట్టు పెట్టి, పక్కన నిమ్మకాయ ఉంచి, గరాజ్‌లో అరమీద పెట్టాను. తుపాకిమందు వెయ్యలేదు, చెకుముకి రాయి ఉన్న సుత్తి మాత్రం వెనక్కి లాగి ఉంచాను.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి గరాజ్‌లో 'టక్'మంది. పరుగెత్తుకెళ్ళి చూస్తే మనిషి లేడు. సుత్తి ముందుకి పడి ఉంది, నిమ్మకాయ నేలమీద దొర్లుతోంది. భయపడుతూనే సుత్తి మళ్ళీ వెనక్కి లాగి, నిమ్మకాయ పక్కన పెట్టి వచ్చాను. ఆ మర్నాడు మళ్ళీ నాలుగింటికే 'టక్'.

"బొట్టు పెట్టినవ్ గదన్నా, దానికి పూనకమొచ్చింది," అన్నాడు వరంగల్ రూమ్మేట్, తలుపు దాటకుండానే.

తాత మాత్రం సుత్తి మళ్ళీ వెనక్కి లాగి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "మా అన్న వస్తున్నాడు," అన్నాడు మెల్లగా. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు ఇంకా భయం వేసింది.

మూడోరోజు రూమ్మేట్ ఇంటర్వ్యూ కోసం ఇర్వింగ్ వెళ్ళాడు. నాలుగయింది, అయిదయింది, చప్పుడు లేదు. అప్పుడు వెలిగింది నాకు. వాడు రోజూ నాలుగింటికి జిమ్ బట్టలు గరాజ్ గోడకి అవతలున్న డ్రయర్‌లో వేస్తాడు. డ్రయర్ అదిరితే అర అదురుతుంది, అర అదిరితే నా పనితనం బయటపడుతుంది! ఆదివారం మందు కూరాక అది తనంతట తనే పేలితే తాత ఏమవుతాడు? చెప్తే అన్న మళ్ళీ చచ్చిపోతాడు. చెప్పకపోతే తమ్ముడే పోవచ్చు. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పేశాను.

తాత పిస్తోలుని అరమీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. (ఆయన ఇంగ్లీషు, నా తెలుగు.) "నాకు మొదటిరోజే అనుమానం వచ్చిందిలే. మా అన్న బతికుండగా ఒక్కరోజు టైమ్‌కి వచ్చిన పాపాన పోలేదు. చచ్చాక రోజూ నాలుగింటికి వస్తాడా?"

ఆ రాత్రే ఇద్దరం కూర్చుని మరలు సరిచేశాం. డ్రయర్ వేసి, అరని గుద్ది మరీ పరీక్షించాం, సుత్తి పడలేదు. ఆదివారం తాత రెండు వేళ్ళతో లాగితే పిస్తోలు ఒక్కసారే పేలింది. పొగలో నిలబడి ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. బొట్టు మాత్రం తాత చెరపనివ్వలేదు.

ఇప్పుడు తాతా లేడు. ఆయన నాకిచ్చి పోయిన పిస్తోలు మా ఇంట్లో, డ్రయర్‌కి ఆమడ దూరంలో, బొట్టుతో ఉంది. మర ఏది చెడినా మెకానిక్‌ని పిలిచే బుద్ధి నాకు వచ్చింది. అయినా సాయంత్రం నాలుగు దాటితే చెవి అటే పోతుంది. ఆ అన్న ఆలస్యంగా వచ్చే అలవాటున్న మనిషి కదా, ఇప్పుడు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని రావాలి.