మామిడితోటకి ఏ బండి?

ఈ రోజు మా అక్కాబావలతో విజయనగరం వెళ్ళాను. బొబ్బిలి దగ్గర వాళ్ళ మామిడితోటలో వానలకి గడ్డి నడుమెత్తు పెరిగింది. మొన్న అక్క కాలి పక్కనుంచే రక్తపింజరి పాకిపోయింది. దాంతో గడ్డి కోయడానికి ఏదో ఒక బండి కొనాల్సిందేనని బావ తేల్చేశాడు.

షోరూంలో బావ మనసు ఎక్కి కూర్చుని గడ్డి కోసే బండి మీద పడింది. దానికి స్టీరింగు బదులు రెండు లివర్లుంటాయి, ఉన్న చోటే గిర్రున తిరుగుతుంది. నేను మినీ ట్రాక్టరే మేలన్నాను. గడ్డీ కోస్తుంది, దుక్కీ దున్నుతుంది, కాయలూ మోస్తుంది. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం.

ఈలోగా అక్క కుచ్చెళ్ళు దోపుకుని ట్రాక్టరెక్కి కూర్చుంది.

"నువ్వెందుకెక్కినావే? దిగు" అన్నాడు బావ.

"నువ్వు మిల్లులో పనికెలిపోతే తోటలో ఉండేది నాను కాదేటి? క్లచ్చికి కాలు అందుతన్నాదో నేదో సూసుకోవద్దా?"

అందింది. షోరూం మనిషి నేర్పితే ఆవరణలో ఒక చుట్టు తిప్పింది కూడా. దిగేసరికి ముఖం వెలిగిపోతోంది. బావ ట్రాక్టరే ఖాయం చేశాడు.

అంతసేపు వాదించుకున్నాం కానీ, తోలేదెవరన్న ఆలోచన మా ఇద్దరికీ రానేలేదు. మీ ఇళ్ళల్లో ఇలాంటివి ఎవరినడిగి కొంటారు?