పలుగురాళ్ళ గనిలో దుర్యోధనుడు

కనకమ్మసత్రం దాటి తిరుత్తణి వైపు బండి తోలుకొని పోతున్న తులసమ్మకు, రోడ్డు పక్కన మూతి తెరుచుకొని పొగ కక్కుతున్న తెల్లకారు ఎదురైంది. దాని ముందు నల్లకళ్ళద్దాల మనిషి ఒకడు నిలబడి వచ్చే బస్సుకల్లా చెయ్యెత్తుతున్నాడు. చిత్తిర నెల, తిరణాళ్ళ కాలం. బస్సులు జనాన్ని గుత్తులుగా వేలాడేసుకొని ఆగకుండా పోతున్నాయి. తులసమ్మ బండి మాత్రం ఆగింది. ఆమె ఆపలేదు. పొగ చూసి ఎద్దులే బెదిరి నిలబడ్డాయి.

"ఏమ్మా, పలుగురాళ్ళ గని దాకా దింపుతావా? అక్కడ నాకు చాలా పనుంది" అన్నాడాయన.

ఆ గొంతు వినగానే ఆమె పగ్గం బిగించి పట్టుకొంది. మనిషి ద్వారకనాథ్, మద్రాసు వ్యాపారి. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టేంతగా ఆమెను చూసింది ఎప్పుడు గనక? ఆమె మాత్రం ఆ గొంతులో ఒకే ఒక మాట నాలుగేండ్లుగా వింటూనే ఉంది.

"ఎక్కండి సామీ. చెరువు మన్ను. గుడ్డలకు అంటుకొంటాది, పరవాలేదా?"

ఆయన చంకలోని ఇంగ్లీషు పేపరు మన్ను మీద పరుచుకొని కూర్చున్నాడు. డ్రైవరు కారుకు కాపలా ఉండిపోయాడు.

ఆడమనిషి బండి తోలడం ఆ పక్క వింతే. తులసమ్మది పెరియపాళయం దగ్గరి పల్లె. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, భవానమ్మ మొక్కులకు వచ్చేవాళ్ళను ఆమె తండ్రి బండి మీద చేరవేసేవాడు. మొక్కుకొన్నవాళ్ళు వేపమండలు కట్టుకొని గుడి చుట్టూ తిరుగుతుంటే, ఈ పిల్ల ఎద్దుల మెడల కింద తిరుగుతూ పెరిగింది. తిరుత్తణి పక్క ఊరి కోదండరామకిచ్చి చేశారు. "నువ్వు తోలితే నా మీసానికేం మర్యాదే" అని ఆయన నవ్వుతూ పగ్గం లాక్కొనేవాడు. ఆయన పోయినాక పగ్గం అందుకోవడానికి ఆమె ఎవరినీ అడగలేదు.

ఆయన పోవడానికీ ఈ గనికీ ముడి ఉంది. ద్వారకనాథ్‌కు సొంతంగా ఒక చిన్న విమానం ఉంది. అది దింపుకొని, స్నేహితులతో వారానికోసారి విడిది చెయ్యడానికి చోటు కావాలని ఊరి మేత పొరంబోకు అడిగాడు. సరదాలకు మేతభూమి ఇచ్చేది లేదన్నారు ఆఫీసులో. సరే, గనికైతే ఇస్తారా అన్నాడు. ఆ బీడులో ఒక మూల నాలుగు పలుగురాళ్ళు తేలి ఉన్నాయి. ఆ సీమలో పలుగురాళ్ళు తేలని బీడు ఉంటే చూపించమనండి! పిల్లకాయలు వాటిని కొట్టి నిప్పురవ్వలు రాలుస్తారు, ఆడవాళ్ళు ముగ్గుపిండికి దంచుకొంటారు. ఆ మూలకు లీజు వచ్చింది. గనికి ఇంజనీర్లు రావాలి, సామాన్లు రావాలి, అందుకు విమానం దిగాలి అని చెప్పి బీడు మొత్తానికీ కంచె వేసి చదును చేయించాడు, విడిదికి ఒక షెడ్డు కట్టించాడు. గని అన్నది మాత్రం, బావి మొదలుపెట్టి మనసు మార్చుకొన్నట్టుండే మోకాటిలోతు గుంట. పక్కన రాళ్ళ కుప్ప. అది పెరగదు, తరగదు. అధికారులు వచ్చే ముందు నీళ్ళు పోసి కడుగుతారు, నిన్న తవ్వినట్టు మెరవాలని.

కంచె వేసిన ఏడాదే, బావిలో పూడిక తీస్తున్న కోదండరామ మీద గట్టు విరిగిపడింది. మంచం మీద వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తారు. బీడుకు అడ్డంపడితే తిరుత్తణి రోడ్డు కూతవేటు దూరం. గేటుకు తాళం. "విమానం దిగేదాకా తెరవకూడదని ఉత్తరువక్కా" అన్నాడు కాపలా మునియప్ప, ఊరివాడే. విమానం దిగింది. ద్వారకనాథ్ దిగాడు. మంచం వైపు చూశాడు. "చుట్టూ తిరిగి పొమ్మను" అని మునియప్పతో చెప్పి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆ చుట్టుదోవలో, కాలువ దాటకముందే, కోదండరామ చెయ్యి ఆమె చేతిలో చల్లబడింది.

"ఈ మన్నంతా ఎక్కడికమ్మా? వెనక ఇంకా బండ్లు వస్తున్నాయే" అన్నాడు ద్వారకనాథ్, పేపరు సర్దుకొంటూ.

"ద్రౌపదమ్మ తిరణాళకు సామీ. దుర్యోధనుణ్ణి పండబెడతాము."

కురుక్షేత్రం ఎక్కడో ఉత్తరాన ఉందని చదువుకొన్నవాళ్ళు అంటారు గాని, ఆ సీమలో యుద్ధం ప్రతి వేసవీ జరుగుతుంది. కడపటి రోజున ఊరిబయట మన్నుతో దుర్యోధనుణ్ణి వెల్లకిలా పండబెడతారు, తాడిచెట్టంత మనిషిని. భీముడి వేషగాడు తొడ పగలగొడితే, ద్రౌపది వేషగాడు విరబోసుకొన్న జుట్టు అప్పుడు ముడేస్తాడు. పండబెట్టి కళ్ళు తెరిపించాక ఆ మన్నుమనిషి మీద ఎవరూ పార వెయ్యరు. వాన కరిగించాల్సిందే. పార వేసినవాడి ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకు చస్తారని నమ్మకం. మొదటి బండి మన్ను తోలే హక్కు కోదండరామ ఇంటిది. పండబెట్టే చోటు ఆ బీడు. కంచె పడ్డాక గుడి వెనక సందులో కానిస్తున్నారు. నాలుగేండ్లుగా దుర్యోధనుడు కాళ్ళు ముడుచుకొని చస్తున్నాడు. ఈ యేడు బీడులోనే కాళ్ళు చాపించాలని ఊరు పట్టుబట్టింది. మునియప్పను బతిమాలితే, ఉద్యోగం పోతుందని ఏడ్చాడు. బండ్లయితే కదిలాయి గాని, గేటు దగ్గర ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు.

"మీకేం పని సామీ, ఇంత ఎండలో?"

"మధ్యాహ్నం నా విమానంలో పెద్దాఫీసరు వస్తాడు. దిగి గని చూసి లీజు పొడిగించాలి. గడువు రేపటితో సరి. ఇదయిందంటే నా తర్వాత నా కొడుకులకు కూడా ఈ జాగా మాదే."

"ఆయప్ప దిగకపోతే?"

"దిగక ఎక్కడికి పోతాడు?" నవ్వాడాయన. "ముందు రాళ్ళ కుప్ప సంగతి చూడాలి."

"కడిగించాల గదా సామీ."

ఆయన ఆమె వీపు వైపు చూశాడు. "తెలివిగలదానివే" అన్నాడు. ఆమె ఎద్దుల్ని అదిలించింది.

మన్ను మీద కూచుని వస్తున్న యజమానిని చూసి మునియప్ప నోరు తెరిచాడు.

"ఏం చూస్తావు? గేటు తెరువు."

రెక్కలు రెండూ బార్లా తెరుచుకొన్నాయి. "వెనక బండ్లో?" అని గొణిగాడు మునియప్ప.

"మనవే అప్పా" అంది తులసమ్మ.

ద్వారకనాథ్ అప్పటికే దిగి, ప్యాంటు దులుపుకొంటూ షెడ్డు దారి పట్టాడు. మునియప్ప ఒకప్పుడు మంచం ఆగిన చోటు వైపు చూశాడు. గేటు మళ్ళీ వెయ్యలేదు.

రాళ్ళ కుప్ప కడగమని మునియప్పకు కేకేసి, షెడ్డులో ద్వారకనాథ్ స్నానం చేసి, క్యారియర్ విప్పుకొని తిని, ఫ్యాను కింద నడుం వాల్చాడు. డప్పులు మోగితే లేచి వచ్చాడు. విమానం దిగే బాటకు నట్టనడుమ దుర్యోధనుడు కాళ్ళు బారజాపుకొని పడుకొని ఉన్నాడు. ఎప్పుడూ కడపట పెట్టే కళ్ళు ఈసారి కుమ్మరి పచ్చయ్యప్ప ముందే పెట్టేశాడు. సున్నపు తెలుపు, బొగ్గు నలుపు, ఆకాశంలోకి గుడ్లురిమి చూస్తున్నాయి.

"ఎవర్రా ఇది? మునియప్పా, పారలు తీసుకురా."

మునియప్ప ఖాకీ టోపీ తీసి చేత పట్టుకొన్నాడు. "నాకు ఇద్దరు మొగపిల్లకాయలు సామీ. నావల్ల కాదు."

"ఇది గని. లీజు నాది."

గుడి ధర్మకర్త సుందరరాజులు తువ్వాలు నడుముకు కట్టుకొని ముందుకొచ్చాడు. "రాయి మీదే సామీ, ఎవురు కాదన్నారు? అడుగున ఉండాది, తవ్వుకోండి. మన్ను మాది, పైన పెట్టుకొన్నాము. రాయి తీసే గనికి పైన ఏముంటే ఏం?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "తవ్వేదానికి మేమూ వస్తాము, చెప్పండి యాడ తవ్వాల్నో" అన్నాడింకొకడు.

అప్పుడు తూరుపున చిన్న మోత పుట్టింది. విమానం కిందికి వచ్చింది, మన్నుకళ్ళను చూసినట్టే ఉలిక్కిపడి పైకి లేచింది. ఒక చుట్టు తిరిగింది. ద్వారకనాథ్ రుమాలు ఊపుతూ బాట పొడుగునా పరుగెత్తాడు, మెరుస్తున్న పలుగురాళ్ళ కుప్ప ఎక్కి చేతులు ఊపాడు, కాలు జారి కూలబడ్డాడు. విమానం ఇంకో చుట్టు తిరిగింది.

"ఎక్కడ దిగాలయ్యా అతను? ఎక్కడ దిగాలి?" అని అడిగాడు, ఎవరినీ కాదు.

ఆ కుప్ప నీడలోనే తులసమ్మ ఎద్దుల్ని బండికి కడుతోంది. తలెత్తకుండా అంది:

"చుట్టూ తిరిగి పొమ్మనండి సామీ."

ద్వారకనాథ్ నల్లకళ్ళద్దాలు తీశాడు. ఆమెను చూశాడు. గేటు వైపు చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. విమానం మోత మద్రాసు వైపు సన్నబడిపోతోంది.

"నువ్వు... ఆ మంచం..." అన్నాడు.

భీముడి వేషగాడు ఇంకా మొహానికి రంగు పూసుకొంటున్నాడు. తొడ పగలడం చూసి పొమ్మని సుందరరాజులు పిలిచాడు. ఆమె చూడవలసింది చూసేసింది. పగ్గం భుజాన వేసుకొని, ఖాళీ బండి ముందు నడుచుకొంటూ, బీడుకు అడ్డంగా పడ్డ పాతదోవన, తెరిచిన గేటులోంచి తిరుత్తణి రోడ్డు మీదికి పోయింది.