ఆపిన స్లాబు

2020 ఆరంభంలో నేను సూరత్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఉన్నాను. సూరత్ పక్కనున్న కిమ్ అనే ఊరి దగ్గర రాజేశం, పద్మ దంపతులు కట్టుకుంటున్న ఇంటి పని నాకు అప్పగించారు. నక్షా గీసివ్వడం, స్లాబు పోసే ముందు ఇనుము తనిఖీ చేసి అనుమతి ఇవ్వడం నా బాధ్యత. ఆ అనుమతి లేనిదే కాంట్రాక్టరు కాంక్రీటు పోయకూడదు.

రాజేశం కరీంనగర్ వైపు నుంచి వచ్చి, పాతికేళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. వాళ్లు కాపురమున్న గది గోడకు అవతలే ఆ మగ్గాలు. "సప్పుడు లేని ఇంట్ల ఒక్క దినమన్న పండుకోవాలె సారూ," అనేవాడు. కాంట్రాక్టరును కుదిర్చిందీ అతనే. మన భాష మాట్లాడతాడు, మర్యాదగా ఉంటాడు అని నమ్మాడు. ఆ మనిషి కట్టిన ఇల్లు ఒక్కటీ చూడలేదు.

స్లాబుకు ఇనుము పరిచాక లాక్‌డౌన్ వచ్చింది. కూలీలు ఊళ్లకు వెళ్లిపోయారు. కప్పేవారు లేక ఇనుము వానాకాలమంతా తడిసింది. వానలు తగ్గాక కాంట్రాక్టరు కొత్త మనుషులతో వచ్చి, మర్నాడే స్లాబు పోస్తానన్నాడు. నేను వైరు బ్రష్షుతో రుద్దించాను. పైపై తుప్పయితే బ్రష్షుకు పోతుంది. ఇక్కడ పొరలుగా రాలి, కింద కడ్డీ సన్నబడి కనిపించింది. అంతా విప్పి మార్చాలని చెప్పి, అనుమతి నిరాకరించాను.

"కాంక్రీట్ల పోయినంక ఎవలికి కనవడ్తది?" అన్నాడు కాంట్రాక్టరు.

రాజేశం బతిమాలాడు. "జర సూడుండ్రి సారూ. ఈ చలికాలంలనన్న ఇంట్ల వడాలె."

పద్మ అడ్డుపడింది. "ఇన్నేండ్లు ఆగినం, ఇంకొన్ని దినాలు ఆగలేమా? భయమున్న కప్పు కింద నిద్రెట్ల వడ్తది?"

కాంట్రాక్టరు పని వదిలేసి పోయాడు.

రెండో కాంట్రాక్టరును పద్మే వెతికింది. అతను అంతకుముందు కట్టిన ఇళ్లకు మాస్కు పెట్టుకుని వెళ్లి, గుమ్మం బయటే నిలబడి, వచ్చీరాని గుజరాతీలో ఆ ఇళ్ల ఆడవాళ్లను అడిగింది: వానకు ఇల్లు కురుస్తుందా, కట్టాక పిలిస్తే మళ్లీ వస్తాడా అని. పని మధ్యలో ఆగితే ఇనుమును కప్పి కాపాడే పూచీ ఎవరిదో కూడా ముందే తేల్చుకుంది.

కొత్త ఇనుముతో స్లాబు పడింది. దాని కింద పిల్లర్ల మధ్య గోడలు లేస్తుండగా కరోనా రెండో వేవ్ వచ్చింది. రాజేశం ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు.

పద్మ ఇంట్లో దిగాక నన్ను పిలిచింది. టీ ఇచ్చి, గడపలో కూర్చుని అడిగింది: "సారూ, ఆ దినమే స్లాబు పోస్తే ఆయన ఈ ఇంట్ల కొన్ని దినాలన్న ఉంటుండె గద?"

ఉండేవాడేమో అన్నాను.

"నాకెర్కే సారూ, పొయ్యద్దన్నది నేనే గద. ఊకెనే అడిగిన," అంది.

ఇల్లు కట్టించేవారికి నేను చెప్పేది ఇదే. కాంట్రాక్టరు మాట వినేముందు అతను కట్టిన పాత ఇల్లు చూడండి, ఆ ఇంటివాళ్లను అడగండి. పని ఆపమనే అధికారం మీ తరఫు మనిషి చేతిలో ఉంచండి. ఆపితే ఒక్కోసారి తిరిగిరానివి పోతాయి. అయినా ఆపవలసిన చోట ఆపాల్సిందే.