సుగుణమ్మ టీచరు చేతులు

పాత గుడ్డ మీద నిమ్మరసం పిండి, ఉప్పు చల్లి ఎండలో పెడితే ఒక పులుపు వాసన లేస్తుంది. ధర్మవరంలో మా డాబా మీద ఈ ఉదయం ఆ వాసన తగలగానే పెనుకొండలో సుగుణమ్మ టీచరు వాకిలి గుర్తొచ్చి దిగులేసింది.

ఆమె బడిలో కుట్లు నేర్పి రిటైరైన మనిషి, మా పక్కింటామె. ట్రంకు పెట్టెల్లో ఏళ్లతరబడి ఉండి తుప్పు, బూజు మరకలు పట్టిన దిండు గలీబులు, పూలు కుట్టిన టేబుల్ గుడ్డలు హిందూపురం నుంచి కూడా ఆమె దగ్గరికి వచ్చేవి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న నేను ఆ మరకలు తీసే పని నేర్చుకోసాగాను. నాకేమో ఓపిక తక్కువ. మరకను గోకబోతే చేయి పట్టుకుని ఆపేది. “మనం తీసేది కాదమ్మా, ఎండ తీస్తాది. నువ్వు కాసుకోనుండు, అంతే” అనేది. ఒక్కో మరకకు నాలుగైదు ఎండలు పట్టేవి.

ఒకసారి నల్లమాడ నుంచి ఒకామె దిండు గలీబు తెచ్చింది. చనిపోయిన కూతురు కుట్టినది. మూలన ఎర్రదారంతో ఆ పిల్ల పేరు, పక్కనే బూజు మరక. సంవత్సరీకం నాటికి ఫొటో కింద పరవాలంది. గడువు దగ్గరపడింది, మబ్బు వీడలేదు. టీచరు ఆస్పత్రి పని మీద పుట్టపర్తి పోయిన రోజు నేను దాన్ని బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో ముంచాను. మరక పోయింది. ఎర్రదారం కూడా గుడ్డలో కలిసిపోయేంత తెల్లబడింది.

టీచరు నన్ను తిట్టలేదు. ఆ తల్లి వచ్చినప్పుడు, “చేయి వణికి మందు ఎక్కువ పడిందమ్మా, తప్పు నాది” అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పేరు మళ్లీ కుడతానని గొణిగాను. “ఆ పిల్ల కుట్టిందాన్ని మనం కుడితే అబద్ధమైపోతాది” అంది టీచరు. ఆ తల్లి తెల్లదారం మీద చాలాసేపు వేలు జరిపింది. “కనపడకపోయినా ఏలికి తగుల్తాండాది లేమ్మా” అని గలీబు మడిచి తీసుకుపోయింది.

ఆ తర్వాత టీచరు ఎవరి గుడ్డా ముట్టలేదు. చేతులు వణుకుతున్నాయని చెప్పి వచ్చినవాళ్లను నా దగ్గరికి పంపేది. నిజం చెప్పేస్తానని ఒకసారి అన్నాను. “నాకు పోయేదేముండాది? నీకు చెడ్డపేరొస్తే మళ్లీ ఎవరిస్తారు గుడ్డ?” అంది. నాకూ కావలసింది అదే. నోరు మూసుకున్నాను.

పోయినేడు ఆమె చనిపోయింది. కడసారి చూడటానికి నల్లమాడ ఆమె కూడా వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, “పాపం, చేతులు వణికేవి కదా ఆయమ్మకు. నేను మనసులో ఏం పెట్టుకోలేదు” అంది. నేను తలూపాను.

ఇప్పుడు ఎండ రాకపోతే రాలేదనే చెబుతాను, గుడ్డలిచ్చినవాళ్లు ఎంత తొందరపెట్టినా. ఆ ఒక్క మాట మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేకపోయాను. సుగుణమ్మ టీచరు చివరి వరకూ అద్దాలు లేకుండా, ఒక్కసారికే సూదిలో దారం ఎక్కించేది. ఆమె చేతులు ఏనాడూ వణకలేదు.